అమ్మ మొక్కు, అన్సెల్మో టోపీ

అక్టోబరు 3, గురువారం

మాజీ సైనికుల ఆసుపత్రిలో నిద్ర సంగతి అడగడానికి ఒక అమ్మాయి ఉంది. ఈ పని ఆవిడే అంటగట్టింది. "ఎలిసేయో గారూ, రోజూ మనసులో ఉన్నది రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. నా మనసులో ఏముంటుంది? నిద్ర నాకు బాగానే పడుతుంది. మధ్యలో లేస్తాను, అంతే. లేచాక మళ్ళీ పడుకోను, అంతే.

ఇవాళ ఒరాలియాను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్రాడు. తెల్లకోటు కింద కౌబాయ్ బూట్లు. మా ఆవిడ గుండెలో ఒక కవాటం సరిగా తెరుచుకోవడం లేదట, కోసి కొత్తది పెట్టాలట, వాయిదా వెయ్యకూడదట. నేను ముప్ఫయ్యేళ్ళు కాలవల మీద గేట్లు తిప్పినవాణ్ణి. "గేటు పాడైతే మారుస్తాం. దానికింత ఉపన్యాసం దేనికయ్యా?" అన్నాను. డాక్టరు నవ్వాడు. ఒరాలియా కూడా నవ్వింది. సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం నవ్వింది.

కంగారు పడాల్సింది ఏమీ లేదు. ఇంటికొచ్చి నారింజ చెట్టు కొమ్మలు కొట్టాను. ఇది కొట్టే కాలం కాదని ఒరాలియా కిటికీలోంచి అరిచేసరికి సగం చెట్టు నేల మీద ఉంది.

అక్టోబరు 6, ఆదివారం

పూజ అయ్యాక దోన్యా తోమాసా వచ్చింది. జ్ఞానస్నానంలో నన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లి. మా అమ్మ జోవితాకి ప్రాణ స్నేహితురాలు. తొంభై దాటినా కళ్ళు, చెవులు, నోరు మూడూ పనిచేస్తున్నాయి, నోరు కాస్త ఎక్కువ. ఆదివారం కదా, గొయ్యిలో ఉడికిన ఆవు తల మాంసం, వేడి మొక్కజొన్న రొట్టెలు తెచ్చింది. ఒరాలియా కొవ్వు తినకూడదు. అందుకని తన వాటా బుద్ధిగా నా పళ్ళెంలో వేసేసి, తర్వాత నా పళ్ళెంలోంచి తింది.

ఆపరేషన్ సంగతి చెప్పాం. ముసలావిడ శిలువ గుర్తు వేసుకుని, "భయపడకే పిల్లా, మరియమాత చూసుకుంటుంది. ఈ ఇంటికి ఆ తల్లి దగ్గర బాకీ లేదు కదా. జోవితా మొక్కు వీడు రాగానే తీర్చేశాడు" అంది.

"ఏ మొక్కు?" అన్నాను, నోట్లో రొట్టెతోనే.

ముసలావిడ తన రొట్టె పళ్ళెంలో పెట్టేసింది.

"అదేరా, చేయో. నువ్వు యుద్ధానికి పోయినప్పుడు మీ అమ్మ మొక్కుకున్నది. నా పక్కనే మోకరించి మొక్కింది." చిన్నప్పట్నుంచీ నన్ను ఇంట్లోవాళ్ళు పిలిచే ముద్దుపేరు చేయో.

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పలేదా? నువ్వు సాన్ ఆంతోనియో ఆసుపత్రిలో ఉండగానే జోవితా పోయె. నీకు చెప్పమని నాకే అప్పజెప్పింది. ఆ ఏడు మేం మిషిగన్‌కి చెర్రీలు కొయ్యడానికి పోయాం. తిరిగొచ్చేసరికి నువ్వు నడుస్తున్నావు. కుంటుతూనే అయినా నడుస్తున్నవాడు మొక్కు తీర్చుకోకుండా ఉంటాడా, ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే అనుకున్నా."

ఆ ఎవరో ఒకరు యాభై ఏళ్ళుగా ఎవరూ కాలేదు. మా వాళ్ళు ఏటా పంటల వెంట ఉత్తరానికి పోయి రావడంలో సామాన్లు పోగొట్టుకున్నారు, పెళ్ళి సంబంధాలు పోగొట్టుకున్నారు. మొక్కు పోగొట్టుకోవడం ఇదే వినడం.

మొక్కు ఏమిటంటే, అమ్మ మాటలు ముసలావిడ అప్పజెప్పినట్టే రాస్తున్నాను. "నా కొడుకు ప్రాణాలతో వస్తే, నా గుమ్మంలోంచి సాన్ హువాన్‌లో నీ గుడిదాకా, సైన్యం బట్టలతో, చెప్పులు లేకుండా నడిచొస్తాడు తల్లీ. ఎవరడిగినా ఇవ్వని వస్తువు వాడి దగ్గర ఏదుంటే అది నీ కాళ్ళ దగ్గర పెడతాడు."

"నన్ను అడగకుండానే?" అన్నాను.

"నిన్ను కనేముందు అడిగిందా?" అంది ముసలావిడ.

నేను నవ్వాను. ఒరాలియా నవ్వలేదు. చేతులు తుడుచుకుని, "అయితే నన్ను కొయ్యడానికి వీల్లేదు" అంది. "తీరని మొక్కు ఇంట్లో పెట్టుకుని నేను కత్తి కింద పడుకోను."

అక్టోబరు 7

రేపటికి మర్చిపోతుంది.

అక్టోబరు 8, మంగళవారం

మర్చిపోలేదు. పొద్దున ఆసుపత్రి నుంచి తారీఖు అడగడానికి ఫోన్ చేశారు. "మా ఆయన నడిచాక చెప్తా" అంది. ఫోన్లో పిల్ల పాపం చాలా మర్యాదగా, "ఆయనకి కూడా ఆపరేషన్ అయిందామ్మా?" అని అడిగింది.

మా అమ్మాయి నోయెలియా బడి వదిలాక వచ్చి రెండు గంటలు వాదించింది. బళ్ళో ముప్ఫై మంది పిల్లల్ని కూర్చోబెడుతుంది గాని వాళ్ళమ్మని కదపలేకపోయింది. వెళ్ళేటప్పుడు నా మీద విరుచుకుపడింది. "నాన్నా, నడిచి చావండి!" అంది. తర్వాత వెనక్కొచ్చి ముద్దు పెట్టి పోయింది.

నాకు ఇలాంటి వాటిమీద నమ్మకం లేదు. అక్కడ, యుద్ధంలో ఉండగా చాలా చూశాను.

అక్టోబరు 11, శుక్రవారం

బాల్దెమార్ వచ్చాడు. మా నోయెలియాకి జ్ఞానతండ్రి, అంచేత నాకు కొంపాద్రే. అదే యుద్ధంలో వంటశాలలో పనిచేశాడు. "నీకు వెండి నక్షత్రం మెడల్ ఇచ్చారు, నాకు ఒంటిచేత్తో గుడ్లు పగలగొట్టడం నేర్పారు. ఇన్నాళ్ళలో ఏది ఎక్కువ పనికొచ్చిందో చెప్పు" అంటాడు. ఊళ్ళో ఏ సభ జరిగినా నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. వీడు వెనక వరసలో కూర్చుని ఆవలిస్తూ నన్ను నవ్విస్తాడు.

మొక్కులో ఎక్కడైనా సందు ఉందేమో చూద్దామని ఇద్దరం తోమాసా ఇంటికి వెళ్ళాం.

"రబ్బరు చెప్పులు చెప్పుల కింద లెక్కా?" అన్నాడు బాల్దెమార్.

"లెక్కే."

"మేజోళ్ళు?"

"మరియమాత మేజోళ్ళతో నడిచిందా?"

"పోనీ నేను బండి మెల్లిగా నడుపుతా, వీడు వెనక కూర్చుని కాళ్ళు నేలకి ఆనిస్తాడు."

ముసలావిడ చీపురు అందుకుంది.

చివరికి రెండు సడలింపులు దొరికాయి. ఒకటి, రెండ్రోజుల్లో నడవొచ్చు. ఆగిన చోట గుర్తు పెట్టి మర్నాడు అక్కణ్ణించే మొదలెట్టాలి. రెండు, గుడి దగ్గర అందరూ చేసేట్టు మోకాళ్ళ మీద పోనక్కర్లేదు. "జోవితా మోకాళ్ళ మాట అనలేదు. కొడుకు తత్వం దానికి తెలుసు" అంది. నా ఎడమ మోకాలు పంతొమ్మిది వందల అరవై తొమ్మిది నుంచీ వంగదు. అప్పటికి ఆ సంగతి అమ్మకి తెలిసే వీలు లేదు. ఆమె మొక్కుకున్నప్పుడు నాకు రెండు మోకాళ్ళూ ఉన్నాయి.

ఇవ్వాల్సిన వస్తువు విషయంలో ఏ చిక్కూ లేదు. మెడల్. బ్యాటరీలు, టేపులు వేసే సొరుగులో ఉంది. తీసి తుడిచి పెట్టాను.

అక్టోబరు 14, సోమవారం

సైన్యం కోటు బయటికి తీశాం. బొత్తాలు, కాజాలు ఒకదాన్నొకటి చూసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. ఒరాలియా రెండు పక్కలా కుట్లు విప్పి, వంటింటి ఆకుపచ్చ కర్టెన్ చింపి ముక్కలు వేసింది. ఒక ముక్క మీద చిన్న టీ కప్పు బొమ్మ ఉంది. చంక కిందే కదా, కనపడదంది.

కుట్టేటప్పుడు ఎంత హుషారుగా ఉందో. పాత పాటలు పాడింది. ప్రతి చరణానికీ మధ్యలో ఆగింది.

అక్టోబరు 15

టోపీ ఉతుకుతానంది. వద్దన్నాను.

ఈ టోపీకి మొక్కుతో సంబంధం లేదు. అది గుడ్డ టోపీ. చేపలు పట్టేటప్పుడు పెట్టుకుంటాను, కాలవ గేట్లు తిప్పినన్నాళ్ళూ పెట్టుకున్నాను, తోటకీ కొట్టుకీ పెట్టుకుంటాను. చేపల కంపు, చెమట కంపు అని ఒరాలియా యాభై ఏళ్ళుగా దాన్ని పారేస్తానని బెదిరిస్తోంది. పెళ్ళినాడు చర్చి మెట్ల మీద నా తలమీంచి లాగేసింది, ఫోటో కాగానే మళ్ళీ పెట్టుకున్నాను. ఒకసారి వీరుల దినాన ఎవరో పెద్దమనిషి వచ్చి, వస్తుప్రదర్శనలో గాజుపెట్టెలో పెడతాం ఇమ్మన్నాడు. మెడల్ తీసుకుపొమ్మన్నాను. టోపీ ఇవ్వలేదు. ఇవ్వడానికి అది నాది కాదు కదా.

అన్సెల్మోది. అన్సెల్మో త్రెవీన్యో, లారెదో వాడు. యుద్ధంలో ఒక రోజు గాయపడ్డ ముగ్గుర్ని నేను వెనక్కి లాక్కొచ్చాను, దానికే మెడల్. మూడోవాడితో వస్తుంటే మోకాలు పోయింది. హెలికాప్టర్ వచ్చేదాకా మట్టి మీద పడుకోబెట్టారు. ఎండ సూటిగా కళ్ళల్లోకి కొడుతోంది. అన్సెల్మో అటుగా పోతూ ఆగి, తన టోపీ తీసి నా తలకి పెట్టాడు. "ఎండగా ఉంది, పెట్టుకో. తర్వాత ఇద్దువుగాని" అన్నాడు. బట్టతలతో, నవ్వుకుంటూ మళ్ళీ ముందుకు వెళ్ళాడు. ఇరవై ఏళ్ళకే వాడికి బట్టతల, అందరం ఏడిపించేవాళ్ళం.

అంతే. వాడి దగ్గర్నుంచి తీసుకున్నది వాడికే ఇవ్వాలి. మొక్కులో అలాంటివి రావు.

అక్టోబరు 20, ఆదివారం

కాలవ గట్టు మీద చెప్పులు లేకుండా సాధన చేస్తున్నాను. పాదాలు బొబ్బలెక్కాయి. మోకాలికి నడక మంచిదట, ఎవరో చెప్పారు. నవంబరు చివర్లో చలి పడ్డాక బయల్దేరదామని బాల్దెమార్‌తో అన్నాను.

అక్టోబరు 22

ఒరాలియా ఇవాళ పొయ్యి దగ్గర్నుంచి బల్ల దగ్గరికి కాఫీ తెస్తూ మధ్యలో నిలబడిపోయింది. వంటిల్లు ఎంతుంటుందని? నేను చూడనట్టు పేపరు చదువుకున్నాను. పేపరు తలకిందులుగా ఉందని ఆవిడే చెప్పింది.

శుక్రవారం బయల్దేరుతున్నాను.

అక్టోబరు 26, శనివారం

నడిచాను. వేళ్ళు తిన్నగా లేవు గాని రాయాలి.

నిన్న తెల్లవారగానే అమ్మ గుమ్మం దాటాను. అది ఇప్పుడు మా గుమ్మమే. తోమాసా అరచేత్తో నా నుదుటి మీద శిలువ వేసింది. సైన్యం కోటు, టీ కప్పు కర్టెన్, ఒట్టి కాళ్ళు, ఎండకి టోపీ. వెనకే నత్తనడకన బాల్దెమార్ ట్రక్కు, అందులో ఒరాలియా, ఒళ్ళో నీళ్ళు, నారింజలు, మెడల్ డబ్బా. చల్లని డబ్బా నిండా ఐసు తెచ్చాడు బాల్దెమార్. "ఐసులో ఏముంది?" అంటే "నాకో మొక్కుంది, దారంతా తాగాలని" అన్నాడు.

రోడ్డు మీద వద్దని కాలవ గట్టు పట్టుకున్నాను. ఆ గట్టు నాకు ఇంటి వరండా. ప్రతి గేటూ నేను తిప్పిందే. ఎవరికీ కనపడకుండా పోయి రావాలనుకున్నాను. తీరా చూస్తే చెరకు తోట దగ్గరే పోలీసు కుర్రాడు బండి ఆపాడు.

"తాతా, ఎక్కడికి? ఇల్లు గుర్తుందా?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి బాల్దెమార్, "గుర్తు లేదు సార్, పట్టుకుపోండి. మూడ్రోజులుగా వెతుకుతున్నాం!" అని అరిచాడు.

ఒరాలియా ట్రక్కులోంచే వాడి భుజం మీద ఒకటిచ్చి, మొక్కు సంగతి చెప్పింది. కుర్రాడు వెంటనే టోపీ తీసేశాడు. వాళ్ళ నానమ్మ కూడా ఇలాగే నడిచిందట. కాసేపు నా పక్కనే నడిచి, "తాతా, సార్జెంటు పరీక్ష రాస్తున్నా. మాతకి నా పేరు కూడా చెప్తారా?" అన్నాడు. ఇంక అక్కణ్ణించి మొదలు. వాడు ఎవరికి చెప్పాడో, గట్టు పొడుగునా ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒకావిడ నీళ్ళిచ్చి కొడుకు తాగుడు మానాలని చెప్పమంది. ఒకావిడ తీపి రొట్టె ఇచ్చి కోడలు కడుపు పండాలంది. ఒక పెద్దాయన మేక తప్పిపోయిందని, రంగుతో సహా చెప్పాడు. ఇన్ని విన్నపాలు నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే మోకాలి సంగతి కాసేపు మర్చిపోయాను.

సాయంత్రం ఆగిన చోట ఒక పెద్ద నారింజ పెట్టి ఇంటికొచ్చాం. ఇవాళ పొద్దున వెళ్ళేసరికి నారింజ లేదు. ఎవరో తినేశారు. తొక్కలు మాత్రం గుర్తుగా సరిగ్గా అక్కడే పడున్నాయి.

ఇవాళ్టి నడక గురించి ఎక్కువ రాయను. గుడి కనపడ్డాక నా కాలు ఇంక రానంది. వాకిలి అంత దగ్గర్లో ఉంది, నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. బాల్దెమార్ చెయ్యి ఇస్తే తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో తెలియదు. ఒరాలియా ట్రక్కులోంచి చక్రాల కుర్చీ దింపించి అందులో కూర్చుంది.

"తొయ్యి" అంది.

"ఏంటి?"

"నేను అంత దూరం నడవలేను. మొగుడివి కదా, తొయ్యి."

కుర్చీ పిడులు పట్టుకున్నాను. బరువంతా దానిమీద వేస్తే కాలు కదిలింది. అలాగే వాకిలి దాకా పోయాం. చూసేవాళ్ళు, పాపం పెద్దాయన భార్యని ఎంత బాగా చూసుకుంటున్నాడో అనుకుని ఉంటారు. ఒరాలియా తల తిప్పకుండానే, "బండి బాగానే లాగుతున్నానా?" అంది.

గుడిలోకి టోపీతో వెళ్ళకూడదు కదా. తీసి, బాల్దెమార్ ట్రక్కుని వాకిలి పక్కకే తెచ్చి ఆపాడు గనక, దాని సీటు కిందికి తోశాను.

మాతకి పోలీసు కుర్రాడి పరీక్ష, తాగుబోతు కొడుకు, కోడలు, మేక అన్నీ చెప్పాను. మెడల్ ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. ఒరాలియా ఏడ్చింది. నేను ఏడవలేదు.

మొక్కు తీరింది.

అక్టోబరు 28, సోమవారం

ఒరాలియా ఆసుపత్రికి ఫోన్ చేసి ఒప్పుకుంది. నవంబరు 5. ఫోన్లో పిల్లతో, "మా ఆయన నడిచేశాడమ్మా" అంది. ఆ పిల్ల అభినందనలు చెప్పింది.

నేను వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అంతా సుఖం.

అక్టోబరు 30

మొక్కు తీరింది.

అక్టోబరు 31

తీరిందని రాశాను కదా.

నవంబరు 2, శనివారం

పితరుల దినం. అమ్మ సమాధికి బంతిపూలు పట్టుకెళ్ళాం. ఒరాలియా కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేస్తుంటే నేను, నోయెలియా కడిగాం. పక్క సమాధివాళ్ళు గిటారు తెచ్చారు, ఆ పక్క విధవరాలు మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలీలు తెచ్చింది, అటూ ఇటూ తిని మధ్యాహ్నం భోజనం అక్కడే అయిపోయింది.

తోమాసా వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమిచ్చావురా మాతకి?"

"మెడల్."

"ఊఁ" అంది.

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. నాకెందుకు?" అని నా తలవైపు చూసి, తమాలీ ఆకు విప్పుకుంది.

దేశం ఇచ్చిన మెడల్ అది. ఎంతమందికి ఉంది? ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఇదంతా ముసలావిడకి చెప్పాను. విననట్టు తింటూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఈ ముసలాళ్ళకి ఎంత చేసినా చాలదు. పైగా నాకసలు నమ్మకమే లేదు. నమ్మకం లేనివాడు ఏమిచ్చాడన్నది ఎవరికి కావాలి?

నవంబరు 4, సోమవారం

రేపే. ఒరాలియా సంచీ సర్దుకుంది. "నేను పోతే ఆ తమాలీల విధవరాల్ని మాత్రం చేసుకోకు. పిండిలో ఉప్పు చాలదు" అంది.

"నువ్వు పోతే బాల్దెమార్‌ని చేసుకుంటా. గుడ్లు బాగా వేస్తాడు" అన్నాను.

చాలాసేపు నవ్వుకున్నాం. మధ్యలో నాలుగుసార్లు ఆగింది.

టోపీ మేకుకి తగిలించాను. తీసి ట్రక్కులో పెట్టాను. మళ్ళీ మేకుకి తగిలించాను.

నవంబరు 6, బుధవారం

నిన్న పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. వెళ్తూ నా చెంప మీద తట్టి, "గెడ్డం గీసుకోలేదేం ముసలోడా, నేను లేచేసరికి మనిషిలా ఉండు" అంది. తలుపులు మూసుకున్నాయి.

నోయెలియా జపమాల తిప్పుతోంది. బాల్దెమార్ కాఫీ యంత్రంతో పోట్లాడుతున్నాడు. నేను టోపీ చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, నేను దాన్ని పిండుతున్నానని. తడి గుడ్డ పిండినట్టు పిండుతున్నాను. ఎవరడిగినా ఇవ్వని వస్తువు. అమ్మ నన్ను కన్నది. నేనేం ఇవ్వనో యాభై ఏళ్ళ ముందే ఆమెకి తెలుసన్నమాట, వస్తువు పేరు తెలియదు, అంతే.

నోయెలియాకి చెప్పి లేచాను. ఆసుపత్రికి సాన్ హువాన్ గుడి దగ్గరే. గుడి బయట ట్రక్కు ఆపి, బూట్లు విప్పి, మళ్ళీ ఒట్టి కాళ్ళతో నడిచాను. నన్ను అలా నడవమని ఎవరూ అనలేదు.

కానుకలు పెట్టే గదిలో జడలున్నాయి, ఊతకర్రలున్నాయి, ఫోటోలున్నాయి. అక్కడ సేవచేసే కళ్ళద్దాలావిడ నా టోపీని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఉతికి తేవచ్చు కదండీ" అంది.

"ఉతకను. వాడు గుర్తుపట్టాలి" అన్నాను.

ఆవిడ ఫోటోల పక్కన జాగా చేసింది. నేను మాత దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఇది నాది కాదు తల్లీ. అన్సెల్మో త్రెవీన్యోది, లారెదో వాడు, బట్టతల. తర్వాత ఇవ్వమన్నాడు. ఆలస్యమైంది. నీ దగ్గరే ఉంటాడు కాబట్టి నువ్వే ఇచ్చెయ్యి. మా అమ్మతో కూడా చెప్పు. ఒరాలియాను నాకు ఉంచు. నాకు ఇంకెవరున్నారు?

ఈసారి ఏడ్చాను. బాగా ఏడ్చాను. కళ్ళద్దాలావిడ కాగితం రుమాలు తెచ్చిచ్చింది.

తిరిగొచ్చేసరికి బూట్ల డాక్టరు బయట నిలబడి ఉన్నాడు. "కొత్త గేటు బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది సార్" అన్నాడు. ఆ కుర్రాణ్ణి నేను ముద్దు పెట్టుకున్నానని బాల్దెమార్ అందరికీ చెప్తున్నాడు. అబద్ధం. నుదుటి మీద ఒక్కటే.

ఇవాళ మధ్యాహ్నం ఒరాలియా సరిగా కళ్ళు తెరిచింది. నా తల వంక చూసింది.

"టోపీ ఏదీ?"

"మాతకి ఇచ్చేశాను. నిన్న."

"ఆ రోజు సీటు కింద దాచింది?"

"నువ్వు చూశావా?"

"చక్రాల కుర్చీలో ఉన్నాను గాని గుడ్డిదాన్ని కాదు."

"మొక్కు పూర్తిగా తీరలేదని తెలిసీ కోతకి ఒప్పుకున్నావా?" అన్నాను.

"మీ అమ్మ మొక్కు మీ అమ్మకీ నీకూ మధ్య" అంది, ఒక్కో మాటే, మెల్లిగా. "నాకు భయమేసింది, చేయో. డాక్టరు చెప్పిన రోజు నుంచీ భయమే. మొక్కు వంక దొరికింది, కొన్నాళ్ళు ఆపాను. తర్వాత నువ్వు ఆ కాలేసుకుని అంత దూరం నడిచావు. ఈయన అది చెయ్యగలిగితే నేను ఒక బల్లమీద కళ్ళు మూసుకుని పడుకోలేనా అనుకున్నా."

ఒరాలియాకి భయం వేసిందట. ఇంట్లోనే ఉన్నాను, నాకు తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, నాక్కూడా భయమేసింది అని చెప్పాను. ఈ యాభై ఏళ్ళలో ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఆ నిద్ర పిల్లకి కూడా. అక్కడా వేసింది, ఇక్కడా వేసింది, ఇక్కడే ఎక్కువ వేసింది అని చెప్పాను.

"తెలుసు" అంది. "ఆ నారింజ చెట్టు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది."

నవ్వబోయి గుండె పట్టుకుంది, కుట్లు లాగాయట. కాని మధ్యలో ఆగలేదు.

నవంబరు 11, సోమవారం

వీరుల దినం. ఊరేగింపుకి వెళ్ళనన్నాను. ఒరాలియా ఆసుపత్రి మంచం మీంచే తరిమింది. "కర్టెన్ చింపుకున్నాను. ఇంకోసారి తొడుక్కో" అంది. నోయెలియా ఫోన్లో చూపిస్తానంది.

ఎప్పట్లాగే పైకప్పు లేని కారు, ఎప్పట్లాగే మైకు. మైకాయన "ఛాతీ మీద వెండి నక్షత్రంతో మన ఎలిసేయో!" అన్నాడు. అందరూ నా ఛాతీ వంక చూశారు. అక్కడేమీ లేదు. చెయ్యెత్తి ఊపితే టీ కప్పు కనపడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పోలీసు కుర్రాడు కారు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు, పరీక్ష బాగా రాశాడట. మేక మాత్రం ఇంకా దొరకలేదు.

నవంబరైనా ఎండ మాడ్చేస్తోంది. యాభై ఏళ్ళుగా నీడలో ఉన్న తల. నాకు బట్టతల వచ్చిన సంగతి ఊరికి ఇవాళే తెలిసింది. మూల తిరిగేచోట బాల్దెమార్ జనంలోంచి తోసుకుంటూ వచ్చి, కారుతో పాటు పరిగెత్తుతూ, తన గడ్డి టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

"ఎండగా ఉంది, పెట్టుకో కొంపాద్రే. తర్వాత ఇద్దువుగాని" అన్నాడు.

వాడికేం తెలియదు. అన్సెల్మో సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి, జనం మధ్యలో ఆ గుడ్ల వంటవాడు కనపడినంతసేపూ చూస్తూనే ఉన్నాను.

సాయంత్రం కాకముందే వాడింటికి నడిచి వెళ్ళి ఇచ్చేశాను.